గ్రీసు పెరుగులో ఒక్కటి తక్కువ

సౌభాగ్యమ్మ ఒక చేత్తో సంచి సర్దుతోంది, ఇంకో చేత్తో విప్పుతోంది.

అది ఆమె తమ్ముడు స్తెఫను సంచి. యుద్ధం నుంచి తెచ్చుకున్న ఖాకీ గుడ్డ సంచి. అడుగున దుప్పటి, దాని మీద బట్టలు, గడ్డం గీసుకునే సామాను, సత్తు గ్లాసు, మూతికి గుడ్డ కట్టిన గోంగూర పచ్చడి జాడీ, పక్కన చిన్న బైబిలు. సర్దడం ఎప్పుడో అయిపోయింది. అయినా ఆమె జాడీ బయటికి తీసి, కదిపి చూసి, మళ్ళీ పెట్టింది. తర్వాత దుప్పటి మడతలోంచి తువ్వాలు లాగి, ఎవరూ చూడకుండా మంచం కిందికి తోసేసింది.

గుమ్మంలో నిలబడి తలకి నూనె రాసుకుంటున్న స్తెఫను చూడనే చూశాడు.

"తువ్వాలెందుకక్కా తీశావు?"

"పాతదైపోయిందిరా. అక్కడ కొత్తది కొనుక్కో."

"మొన్నేగా జగ్గయ్యపేటలో కొన్నా!"

"అయితే ఇక్కడుండనీ. వచ్చినప్పుడు వాడుకుందువుగాని."

స్తెఫను నవ్వాడు. వంగి తువ్వాలు తీసుకుని భుజాన వేసుకున్నాడు. "నువ్వు పెద్ద దొంగవే అక్కా" అని బావి దగ్గరికి స్నానానికి వెళ్ళాడు.

సౌభాగ్యమ్మ మంచం పట్టె మీద కూర్చుంది, వెంటనే లేచింది. రోడ్డు మీద ఏదో బస్సు హారన్ మోగింది. అది మధ్యాహ్నం బెజవాడ వెళ్ళే బస్సు కాదని ఆమెకు తెలుసు. ఇంకా పొద్దెక్కనే లేదు. అయినా గుమ్మం దాకా వెళ్ళి చూసి వచ్చింది.

అది పంతొమ్మిది వందల అరవై, ఏప్రిల్ నెల. నందిగామలో అప్పుడే వడగాడ్పు మొదలైంది. స్తెఫను అన్నాళ్ళూ జగ్గయ్యపేటలో లారీ తోలుకుంటూ, ఆదివారం ఆదివారం అక్క ఇంటికి వచ్చి పోయేవాడు. అస్సాం అవతలి కొండల్లో ప్రభుత్వం రోడ్లు వేయిస్తోందనీ, పాత మిలటరీ డ్రైవర్లని పిలిచి ఉద్యోగాలిస్తున్నారనీ ఎవరో చెప్పారు. వెళ్ళి పేరిచ్చాడు. రమ్మని కబురొచ్చింది. ఇంట్లో కట్టేసి ఉంచేవాళ్ళు ఎవరూ లేరతనికి. భార్య కృపావతి తొలి కాన్పులోనే బిడ్డతో సహా పోయింది. మిగిలింది అక్క ఒక్కతే. అక్క అంటే తల్లి పోయాక ఎత్తుకుని పెంచిన మనిషి. అయినా అక్క కోసం ఆగిపోతారా మగవాళ్ళు?

సౌభాగ్యమ్మ ఆగమని అడగలేదు. అడిగితే ఆగడని తెలుసు. ఆమె ఆలోచన అంతా ఒక్కదాని మీదే ఉంది. వీడు తిరిగి రావాలి. రావాలంటే వీడికి ఇక్కడ ఏదో ఒకటి తీరకుండా మిగలాలి.

ఈ నమ్మకం ఆమె సొంతం కాదు, తల్లి పున్నమ్మది. తండ్రి వేదాద్రి దగ్గర రాళ్ళు కొట్టే పనికి పోయే రోజుల్లో, పున్నమ్మ ఆయన్ని ఏనాడూ చివరి ముద్ద తిననిచ్చేది కాదు. "మిగిలింది సాయంత్రం వచ్చి తిందువుగానిలే" అని కంచం లాగేసేది. ఆయన విసుక్కుంటూ లేచేవాడు. సాయంత్రానికి వచ్చేవాడు. పాస్టరుగారు వింటే ఇవన్నీ అవిశ్వాసుల చేతలని కేకలేస్తారని పున్నమ్మ ఎవరికీ చెప్పుకోలేదు. సౌభాగ్యమ్మ కూడా చెప్పుకోలేదు. కానీ మనసులో పెట్టుకుంది.

పెట్టుకోక ఏం చేస్తుంది? నలభై రెండులో స్తెఫను మీసాలు సరిగా రాకుండానే పట్టాళంలో చేరాడు. వెళ్ళే రోజు, మండే ఎండాకాలంలో, తేగలు కావాలన్నాడు. ఎండాకాలంలో తేగలెక్కడివి? "వచ్చాక కాల్చి పెడతాలేరా" అని పంపింది. యుద్ధమంతా అయ్యాక ఒక వానపొద్దున తడిసి ముద్దై గుమ్మంలో నిలబడి, మొదట అడిగింది ఏమిటి? "తేగలున్నాయా అక్కా?" అని. అప్పుడూ కాలం కాదు. ఆమె ఏడుస్తూ నవ్వింది.

ఆమె మొగుడు బాలస్వామి సంగతి వేరే. బెజవాడలో కృష్ణ మీద కొత్త ఆనకట్ట కడుతుంటే కూలికి వెళ్ళాడు. దూరం పోతున్నాడు కదా అని చేపల పులుసు వండి కడుపునిండా పెట్టింది. ఆయన చెయ్యి కడుక్కుంటూ, "ఇంక నాకేం వద్దే" అన్నాడు తృప్తిగా. నెల తిరక్కుండా విషజ్వరమొచ్చి అక్కడే పోయాడు. ఆ మాట ఆమె చెవిలో ఉండిపోయింది. ఇంక నాకేం వద్దే.

అందుకని ఈసారి ఏం మిగల్చాలో ముందే నిశ్చయించుకుంది. గ్రీసు పెరుగు.

యుద్ధం ఆఖర్లో స్తెఫను లారీ గ్రీసు దేశంలో ఒక కొండ ఊళ్ళో చెడిపోయింది. ఆకలితో బండి కింద పడుకుని ఉంటే, తల మీద నల్లగుడ్డ వేసుకున్న ముసలమ్మ ఒకామె గిన్నె తెచ్చింది. గిన్నెలో పెరుగు. కానీ మన పెరుగు కాదు, వెన్నలా గట్టిది. అందులో కీరకాయ కోరు, వెల్లుల్లి. ఇతనికి ఆమె మాట రాదు, ఆమెకి ఇతని మాట రాదు. ఆమె రొట్టె తుంచి, పెరుగులో ముంచి, పసివాడికి పెట్టినట్టు తన చేత్తో నోట్లో పెట్టింది. ఆ ముద్ద పదిహేనేళ్ళుగా స్తెఫను నోట్లో నానుతూనే ఉంది. ఎక్కడ పెరుగు కనపడినా ఆ కథ చెప్పేవాడు. బస్టాండు దగ్గర టీ హోటలు నడిపే బాజీకి ఇది పెద్ద వేళాకోళం.

"గ్రీసు పోయి పెరుగు తిన్నాడటయ్యా మా మిలట్రీ! మన గేదెలేం పాపం చేసాయి?"

"నీకేం తెలుసు బాజీ. నువ్వమ్మేది పెరుగా, సున్నం నీళ్ళా?"

"ఆ నీళ్ళు మీ అక్క గేదెవే అబ్బాయ్! అడుగు ఆవిణ్ణే."

నిజమే. సౌభాగ్యమ్మకు ఒక గేదె ఉంది. ఊళ్ళో అందరిళ్ళకీ ఆమె చేతి పెరుగు పోదు. బాజీ హోటలుకు మాత్రం రోజూ పోతుంది.

ఆమె ఆ గ్రీసు పెరుగు చెయ్యాలని చాలాసార్లు చూసింది. మొదటిసారి పప్పులో వేసే పచ్చ దోసకాయ తరిగి, ఆవాలూ ఎండుమిరపకాయలూ తాలింపు పెట్టింది. స్తెఫను ఒక్క వేలు నాకి, "అక్కా, ఇది మన పెరుగు పచ్చడి" అన్నాడు. రెండోసారి తాలింపు మానేసి కీరకాయ వేస్తే, కాయలోని నీళ్ళన్నీ దిగి మజ్జిగ పులుసైంది. అప్పుడతనికి ఇంకొకటి గుర్తొచ్చింది. ముసలమ్మ ఇంటి దూలానికి గుడ్డ మూట వేలాడుతోంది, కింద గిన్నెలోకి చుక్కలు పడుతున్నాయి.

"ఏవిట్రా, పెరుగుని ఉరేస్తారా వాళ్ళు?" అంది సౌభాగ్యమ్మ గుండె మీద చెయ్యేసుకుని.

ఉరి వేసింది. పాత మల్లు పంచె ఉతికి, చించి, తోడు తక్కువ వేసిన పెరుగు అందులో మూటగట్టి, మంచినీళ్ళ కుండల పైన చల్లటి చోట వేలాడదీసింది. తెల్లారేసరికి నీళ్ళన్నీ కారిపోయి, మూటలో తెల్లటి ముద్ద మిగిలింది. కీరకాయని కొబ్బరికోరుతో కోరి, ఉప్పు వేసి, కాసేపుంచి, గట్టిగా పిండి కలిపింది. ఈసారి స్తెఫను కళ్ళు పెద్దవయ్యాయి. "దగ్గరికొచ్చింది అక్కా! ఇంకొక్కటే తక్కువ. ఒక ఆకుంటుంది. వెంట్రుకల్లా సన్నగా. సోంపు నమిలినట్టుంటుంది వాసన, కానీ సోంపు కాదు. ఆ ముసలమ్మ చేతికీ అదే వాసన."

కొత్తిమీర వేసింది, పుదీనా వేసింది, ఆఖరికి సోంపే దంచి వేసింది. సోంపు వేసిన రోజు బాజీ కూడా రుచి చూసి, "అక్కా, ఇది తిని తాంబూలం వేసుకోనక్కర్లా" అన్నాడు. ఆ ఆకు మాత్రం దొరకలేదు.

దొరకలేదు కనక సౌభాగ్యమ్మకు ధైర్యంగా ఉంది. ఈ రోజు కూడా చేస్తుంది, వీడు తింటాడు, ఒక్కటి తక్కువ అంటాడు, ఆ ఒక్కదాని కోసం తిరిగి వస్తాడు. అంతే.

ఆమె కుండల పైనుంచి మూట దింపి విప్పింది. పెరుగు గుడ్డకి అంటకుండా ముద్దగా ఊడి వచ్చింది. పళ్ళెంలో కారిన నీళ్ళు గేదెకి పెట్టింది. మున్నేటి ఇసకలో కాసిన లేత కీరకాయలు పెనుగంచిప్రోలు నుంచి తెప్పించి ఉంచింది. ఒక్కో కాయ కొస కోసి, ముక్క నాలిక మీద పెట్టుకుని, చేదు లేదని చూసుకుని కోరింది. వెల్లుల్లి, ఉప్పు కలిపి నూరుతుంటే దొడ్డివాకిట్లోంచి పిలుపు వినపడింది.

"వదినా! ఉన్నావా?"

బాజీ భార్య రజియాబీ. ఖమ్మం దగ్గర పుట్టింటికి వెళ్ళి రాత్రి బస్సుకే వచ్చింది. చేతిలో తడిగుడ్డ చుట్టిన కట్ట.

"ఇది చూడు వదినా. మా అమ్మ దొడ్డిలో వేసింది. మేము సోయికూరంటాం. మీ తమ్ముడు చెప్పే ఆకు ఇదేనేమో అని నా మనసుకి తట్టింది. ఆయన పోయేలోగా ఇద్దామని పరిగెత్తుకొచ్చా."

సౌభాగ్యమ్మ గుడ్డ విప్పింది. వెంట్రుకల్లా సన్నటి ఆకు. వేళ్ళతో కాస్త నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. సోంపు నమిలినట్టుంది. సోంపు కాదు.

గడప మీద కూర్చుండిపోయింది.

"ఇదేనా వదినా?" అంది రజియాబీ ఆత్రంగా.

"ఇదే."

"మరింకేం! వెయ్యి తొందరగా. పాపం, ఎన్నేళ్ళ ఆశ!"

సౌభాగ్యమ్మ ఆకు వైపు చూసింది, నూరుతున్న వెల్లుల్లి వైపు చూసింది. అది వేస్తే వాడి మొహం ఎలా వెలిగిపోతుందో ఆమెకు కళ్ళకి కట్టింది. పదిహేనేళ్ళ నాటి పిల్లాడి మొహం. ఒకసారి చెయ్యి ఆకు మీదికి పోయింది కూడా. అంతలో ఆమెకు చేపల పులుసు గుర్తొచ్చింది.

"వెయ్యను."

"అదేం?"

"వేస్తే తీరిపోతుంది రజియా. తీరిపోతే రాడు."

రజియాబీ బుగ్గన వేలేసుకుంది. "ఇదేం చోద్యం వదినా! నోటి దగ్గరికొచ్చింది కావాలని చెడగొడతారా ఎవరన్నా?"

"చెడగొట్టటం కాదు, దాచి పెడుతున్నా. వాడొచ్చిన రోజున వేస్తా. నీకు దణ్ణం పెడతా, మీ ఆయనకి కూడా చెప్పొద్దు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు."

"ఆ మాట నిజమే" అంది రజియాబీ. నవ్వు రాబోయి ఆగిపోయింది. "సరే, నేను చెప్పన్లే. విత్తనాలు కూడా తెచ్చా. నీకూ కాసిని ఇస్తా, దొడ్లో వేసుకో. ఆయన వచ్చేదాకా పెరుగుతుంది."

ఆమె వెళ్ళాక సౌభాగ్యమ్మ ఆకుని పైటకొంగులో వేసి గట్టిగా ముడి కట్టి, ముడిని నడుములో దోపుకుంది. చేతులు బూడిదతో తోమి, నిమ్మచెక్కతో రుద్ది కడుక్కుంది. అప్పుడు పెరుగులో కీరకోరు, వెల్లుల్లి వేసి, నిమ్మరసం పిండి, పైన నువ్వులనూనె చుట్టూ పోసి గరిటెతో కలిపింది. చెయ్యి పెట్టలేదు.

స్తెఫను స్నానం చేసి వచ్చి పీట మీద కూర్చున్నాడు. జొన్నరొట్టె తుంచి, పెరుగులో ముంచి, నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆమె గరిటె పట్టుకుని నిలబడింది.

"ఊఁ" అన్నాడు. ఇంకో ముక్క తిన్నాడు. "భేషుగ్గా కుదిరిందక్కా. కానీ..."

"కానీ?"

"అదే. ఒక్కటి తక్కువ."

ఉదయం నుంచీ మొదటిసారి సౌభాగ్యమ్మ స్థిమితంగా కూర్చుంది. "పోనీలేరా. నువ్వొచ్చేసరికి ఆ ఒక్కటీ వెతికిస్తా."

"దొరక్కపోతే?"

"దొరుకుతుంది. నువ్వు రా, నీ గిన్నెలో ఉంటుంది. అది నా పూచీ."

"ఇంత గట్టిగా చెప్తున్నావంటే ఎక్కడో దాచావే అక్కా!" అని నవ్వాడు. ఆమె గబుక్కున మొహం పక్కకి తిప్పుకుంది. అతను ఆట పట్టిస్తున్నాడంతే. "సరే, దానికోసవన్నా వస్తాలే" అన్నాడు.

ఆ మాట చాలు. మిగిలిన పెరుగు మూత ఉన్న సత్తు డబ్బాలో పెట్టి, రొట్టెలు గుడ్డలో చుట్టి, సంచి పైన పెట్టింది.

బస్టాండు దగ్గర బాజీ బెంచీ తుడిచి కూర్చోబెట్టాడు. బస్సు రాలేదు. ఎండ రేకుల మీద చిటపటలాడుతోంది. సౌభాగ్యమ్మ కూర్చోలేదు. రోడ్డు దాకా వెళుతుంది, జగ్గయ్యపేట వైపు చూస్తుంది, వెనక్కి వస్తుంది, సంచి తడుముతుంది, మళ్ళీ వెళుతుంది. స్థిమితం ఎప్పుడో ఎగిరిపోయింది. బస్సు రాకపోతే బాగుండుననీ, వచ్చేసి ఈ ఎదురుచూపు అయిపోతే బాగుండుననీ రెండూ అనిపిస్తున్నాయి. ఏమీ తోచక నడుములో దోపుకున్న కొంగుముడి తీసి గుప్పిట్లో పట్టుకుంది. చిన్నప్పటి నుంచీ ఆమెకున్న అలవాటే, కంగారొస్తే కొంగు నలపడం. నలుపుతూనే ఉంది.

"అక్కా, ఆ చీర చిరుగుతుంది. మీ తమ్ముడు ఊరికే డ్రైవరుగానే పోతున్నాడు, కలెక్టరుగా కాదు" అన్నాడు బాజీ.

"నువ్వూరుకో."

"ఏం మిలట్రీ, అస్సాంలో ఏం తింటావ్ ఈసారి? అక్కడి ముసలాళ్ళనీ పట్టుకో. ఇంకో కథ వస్తుంది."

స్తెఫను నవ్వాడు గానీ ఆ నవ్వు పైపైనే ఉంది. అక్క వైపు చూశాడు. డబ్బా మూత తీశాడు. "అక్కా, ఇలా రా. ఒక్క ముద్ద నీ చేత్తో పెట్టు."

"ఇంత మీసాలొచ్చినవాడికి నేను పెట్టేదేవిట్రా, నలుగురూ చూస్తుంటే!"

"చూడనీ. అమ్మ పోయాక నువ్వే పెట్టావుగా అన్నీ."

దూరంగా బస్సు దుమ్ము లేచింది. సౌభాగ్యమ్మ కొంగు వదిలి, రొట్టె తుంచింది. పెరుగులో ముంచి అతని నోటికి అందించింది. ఆమె వేళ్ళు అతని పెదవులకి తగిలాయి.

స్తెఫను నమలడం ఆపేశాడు.

కళ్ళు మూసుకోలేదీసారి. తెరిచే ఉంచాడు, అవి నీళ్ళతో నిండిపోయాయి. ఆమె మణికట్టు పట్టుకుని చేతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదే అక్కా! ఇదే! అచ్చం ఆ ముసలమ్మ చెయ్యే. ఎలా చేసావే? ఇందాక లేదే ఇది!"

సౌభాగ్యమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. వేళ్ళు చూసుకుంది. గోళ్ళ సందుల్లో పచ్చటి పసరు. కొంగుముడి నలిగి నలిగి, గుడ్డ మీద ఆకుపచ్చ మరక పాకి ఉంది.

"కాదురా" అంది. "ఇది కాదు. ఇంకా తక్కువే."

"పదిహేనేళ్ళయిందక్కా. నాకు తెలీదూ?"

"నీకు తెలీదు. ఇంకా ఏదో ఉంది. నువ్వొచ్చాక..."

బస్సు వచ్చి ఆగింది. దుమ్ములో మనుషులు దిగుతున్నారు, ఎక్కుతున్నారు. బాజీ సంచి ఎత్తి టాపు మీదికి అందించాడు. స్తెఫను డబ్బా గుండెకి హత్తుకుని, పసిపిల్లాడిలా నవ్వుతూ మెట్టెక్కాడు. కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"అక్కా! ఇంక నాకేం వద్దే!"

హోటలు గుమ్మంలో నిలబడి ఉన్న రజియాబీ ఆ మాట విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బస్సు కదిలింది. సౌభాగ్యమ్మ దాని పక్కనే నాలుగడుగులు పరిగెత్తింది. "తక్కువుందిరా! నాయనా, ఇంకా తక్కువుంది! కాదురా ఇది!" అని అరిచింది. ఇంజను చప్పుడులో అతనికి వినపడలేదు. చెయ్యి ఊపుతున్నాడు. బస్సు మునసబు కోర్టు మలుపు తిరిగింది.

బాజీ వచ్చి, "ఏవిటక్కా, ఇంత సంతోషంగా పోతుంటే ఏడుస్తావేంటి?" అన్నాడు. రజియాబీ వచ్చి సౌభాగ్యమ్మ చెయ్యి పట్టుకుని నడిపించింది.

ఇంటికి వచ్చి బూడిదతో, నిమ్మచెక్కతో, కుంకుడు నురుగుతో చేతులు కడుక్కుంది. వాసన పోయింది. రజియాబీ ఇచ్చిన విత్తనాలు దొడ్లో చల్లింది. వానలు పడ్డాక మొలిచాయి. ప్రతి ఏడూ వేసింది. ఆ ఆకు ఏ పెరుగులోనూ వెయ్యలేదు.

స్తెఫను తిరిగి రాలేదు. అరవై ఒకటి ఆగస్టులో, అస్సాం అవతలి కొండల్లో వానకి రోడ్డు జారి, అతని లారీ లోయలో పడింది.